సాఫ్ట్‌బాల్ పిచ్చర్ చేతికి ఆట అయ్యాక ఏం చేయాలి? ఐసు కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయికి 14 ఏళ్లు, ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో పిచ్చర్. శని, ఆదివారాల టోర్నమెంట్‌లో నాలుగు ఆటలు ఆడితే నాలుగింట్లోనూ తనే బంతులు వేసింది. ఆదివారం సాయంత్రం నుంచి కుడి భుజం ముందువైపు లాగుతోందంటోంది. ఐసు పెట్టాలని మీరు, కాపడం పెట్టాలని మీ ఆవిడ. కోచ్ గారేమో "అండర్‌హ్యాండే కదా, చేతికేం కాదు, సోమవారం మామూలుగా పంపండి" అన్నారు. పంపాలా వద్దా?

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రాక్టీస్‌కి పంపండి, పిచింగ్ మాత్రం చేయనివ్వకండి. చేయి తల పైదాకా ఎత్తినా, ముందుకు చాచినా నొప్పి లేదన్నాకే మళ్లీ బంతి పట్టుకోవాలి. నొప్పి లేకపోయినా నాలుగు ఆటల తర్వాత కనీసం రెండు రోజులు పూర్తి వేగంతో వేయకూడదు. వారం గడిచినా భుజం ముందువైపు అదే చోట నొప్పి ఉంటే క్రీడా గాయాలు చూసే డాక్టర్‌కో ఫిజియోకో చూపించండి. ఐసా, కాపడమా అన్నది వీటన్నిటికంటే చిన్న విషయం. దానికీ కింద జవాబు రాశాను.

నేను 11 ఏళ్లు పిచ్చర్‌గా ఆడాను. తర్వాత ఫిజియోథెరపీ చదివి, 16 ఏళ్లుగా ఎక్కువగా ఈ ఆట ఆడే ఆడపిల్లల భుజాలు, మోచేతులే చూస్తున్నాను. మీ అమ్మాయిని చూడకుండా ఇది ఫలానా జబ్బు అని చెప్పలేను. కానీ ఏది మామూలు అలసట, ఏది కాదు అన్నది ఇంట్లోనే చాలావరకు తెలుసుకోవచ్చు.

"అండర్‌హ్యాండ్ కదా" అన్న మాటతో మొదలుపెడతాను. పిల్లల చేతులకు ఎక్కువ చేటు చేసింది ఆ మాటే అని నా నమ్మకం. చేయి కిందినుంచి ఊపడం ఒంటికి సహజం, కాబట్టి ఎన్ని బంతులైనా వేయొచ్చు అని తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. సాఫ్ట్‌బాల్ పిచ్చర్లు వేసే ఈ అండర్‌హ్యాండ్ బంతిని విండ్‌మిల్ పిచ్ అంటారు, అది చేతిని మెల్లగా ఊపడం కాదు కదా. చేయి గుండ్రంగా ఒక పూర్తి చుట్టు తిరిగి, తల పైనుంచి తుంటి దగ్గరికి కన్ను మూసి తెరిచేలోపు దిగుతుంది. ఆ దిగేటప్పుడు చేయి భుజం గూటిలోంచి బయటికి పోవాలని చూస్తుంది. ఆ లాగుడు దాదాపు ఒంటి బరువులో 80 శాతం దాకా ఉంటుందని ఒలింపిక్ స్థాయి పిచ్చర్ల మీద చేసిన కొలతల్లో తేలింది. అంటే 50 కిలోల అమ్మాయి భుజాన్ని ఒక్కో బంతికి 40 కిలోల బరువు కట్టి లాగినట్టు. పైనుంచి విసిరే బేస్‌బాల్ పిచ్చర్ భుజం మీద పడే భారానికి ఇది మరీ దూరమేం కాదు.

ఆ లాగుడును పట్టి ఆపేవాటిలో ముఖ్యమైనది బైసెప్స్, అంటే చేయి మడిస్తే ఉబ్బే కండ. దాని పైకొస ఒక సన్నని తాడులాగా భుజం ముందువైపు నుంచి పోయి గూటి అంచుకు అతుక్కుని ఉంటుంది. విండ్‌మిల్ పిచ్‌లో ఈ కండ పైనుంచి విసిరేటప్పటి కంటే ఎక్కువ కష్టపడుతుందని 2009లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. చేయి తుంటి వైపు దిగి బంతి వదిలే దాకా దాని మీద భారం ఎక్కువ. అందుకే సాఫ్ట్‌బాల్ పిచ్చర్లు "ఇక్కడ నొప్పి" అని చెయ్యి పెట్టే చోటు ఎక్కువసార్లు భుజం ముందువైపే అయి ఉంటుంది. మీ అమ్మాయి చెప్పిందీ అదే కాబట్టి నేను దీన్ని తేలిగ్గా తీసుకోను.

ఒక వేలా, అరచెయ్యా?

నా దగ్గరికి వచ్చిన ప్రతి పిల్లనీ నేను మొదట అడిగేది ఇదొక్కటే: "ఎక్కడ నొప్పో చూపించమ్మా." నోటితో చెప్పడం కాదు, చూపించాలి. కొందరు ఎడమ అరచేయిని భుజం మీద వేసి, కింద కండ దాకా రుద్దుతూ "ఇదంతా" అంటారు. కొందరు ఒక్క వేలితో సరిగ్గా ఒక చోట నొక్కి, నొక్కగానే మొహం చిట్లిస్తారు. అరచేత్తో చూపించేది చాలావరకు కండరాల అలసట. ఆట అయిన మర్నాడు, ఆ మర్నాడు ఎక్కువగా ఉండి, మూడో రోజుకి తగ్గుముఖం పడుతుంది. ఒక వేలితో చూపించే నొప్పిని నేను అలసటగా ఎప్పుడూ లెక్కేయను. అది టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) కావచ్చు, కీలు కావచ్చు, ఎముక కావచ్చు.

ఇంకో చిన్న పరీక్ష. లీటరు నీళ్ల సీసాని కుడి చేత్తో పట్టుకుని, మోచేయి చాచి, అరచేయి ఆకాశం వైపు ఉండేలా మెల్లగా భుజం ఎత్తుదాకా లేపమనండి. భుజం ముందు ఒక్కచోట పోటు వస్తే బైసెప్స్ టెండన్ రేగి ఉందేమో అని అనుమానించాలి. ఇది నిర్ధారణ కాదు, డాక్టర్ దగ్గరికి తొందరగా వెళ్లడానికి ఒక కారణం, అంతే.

పిల్లలు నొప్పి అని చెబుతారని మాత్రం అనుకోకండి. చెబితే ఆడనివ్వరని భయం. అందుకే నేను తల్లిదండ్రులకు చూడమని చెప్పేవి వేరే ఉంటాయి. ఆట అయ్యాక బ్యాగ్ ఏ చేత్తో ఎత్తుకుంది? కారులో సీటు బెల్టు కోసం ఏ చెయ్యి చాచింది? రాత్రి జడ విప్పుకునేటప్పుడు కుడి చెయ్యి తల దాకా లేపిందా, తలనే కిందికి వంచిందా? ఒకసారి ఒక 13 ఏళ్ల అమ్మాయి నా ముందు కూర్చుని "ఏం నొప్పి లేదు మేడమ్" అని మూడుసార్లు చెప్పింది. వెళ్లేటప్పుడు కుడిచేతి వాటం పిల్ల ఎడమ చేత్తో తలుపు తీసింది. వెనక్కి పిలిచాను. భుజం ముందు ఒక్క వేలు పెడితే కళ్లలో నీళ్లు తిరిగాయి. మూడు వారాలు బంతి ముట్టుకోకుండా వ్యాయామాలు చేయించాక తేరుకుంది. ఆ తలుపు నేను చూడకపోయి ఉంటే ఆ వారాంతం మళ్లీ ఆడేది.

ఆట అయిన వెంటనే ఆ పావుగంట

ఇక మీరు అడిగిన అసలు విషయం. ఆఖరి బంతి వేశాక కరచాలనాలు చేసి, బూట్లు విప్పి కూలబడటం మామూలుగా జరిగేది. ఒంట్లో వేడి ఉండగా ఓ పావుగంట ఇలా గడిపితే మర్నాటి బిగుతు చాలా తగ్గుతుందని నా అనుభవం.

మొదట చేయి చల్లబడకుండా జాకెట్ వేసుకోమనండి. మైదానం చుట్టూ ఐదారు నిమిషాలు నడకా కాని, పరుగూ కాని జాగింగ్. "లాక్టిక్ యాసిడ్ పోవడానికి" అని చాలామంది చెబుతారు, అది సరైన కారణం కాదు. అది గంటో గంటన్నరలోనే దానంతటదే రక్తంలోంచి పోతుంది, మర్నాటి నొప్పికి దానికీ సంబంధం లేదు. జాగింగ్ చేయించేది గుండె వేగాన్ని మెల్లగా దించడానికి, బిగుసుకున్న తుంటినీ తొడలనూ వదులు చేయడానికి.

తర్వాత ముందుకు వంగి, ఎడమ చేత్తో బెంచీ పట్టుకుని, కుడి చేయిని గడియారం లోలకంలా వేలాడదీసి ముందుకీ వెనక్కీ, గుండ్రంగా, ఒక్కోవైపు పదిహేనుసార్లు. చెయ్యి బరువే పని చేయాలి, తను ఊపకూడదు. ఆ తర్వాత తేలికపాటి రబ్బరు బ్యాండ్‌తో రెండు వ్యాయామాలు చాలు. ఒకటి, బ్యాండ్‌ని ఛాతీ ముందు రెండు చేతులతో పట్టుకుని పక్కలకు లాగుతూ వెనక రెక్క ఎముకలు దగ్గరికి తేవడం. రెండోది, మోచేయి నడుముకు ఆనించి ముంజేయిని బయటివైపు తిప్పడం. పదిహేనేసి సార్లు. ఇది బలం పెంచే సమయం కాదు. చేస్తుంటే అలుపు వచ్చిందంటే బ్యాండ్ గట్టిదని అర్థం.

సాగదీతల్లో నేను తప్పకుండా చేయించేవి మూడు. కుడి చేయిని ఛాతీ మీదుగా ఎడమవైపుకి తెచ్చి ఎడమ చేత్తో మెల్లగా దగ్గరికి లాక్కోవడం. చెయ్యి ముందుకు చాచి, వేళ్లను కిందికి వంచి ఒకసారి, పైకి వంచి ఒకసారి, ముంజేయి రెండువైపులా సాగదీయడం. ఒక మోకాలు నేలకానించి తుంటి ముందుభాగం సాగదీయడం, ముఖ్యంగా రబ్బరును (పిచ్చర్ నిలబడే పలకను) తన్ని ముందుకు దూకే కాలువైపు. ఒక్కోటి 30 సెకన్లు, రెండేసి సార్లు.

చేయకూడనిది ఒకటుంది. తోటి ఆటగత్తె వెనక నిలబడి రెండు చేతుల్నీ వెనక్కి పట్టి పైకి లాగడం. డగౌట్లలో, అంటే జట్టు కూర్చునే చోట, ఇప్పటికీ కనిపిస్తుంది, చూసినప్పుడల్లా నాకు గుండె గుబేలుమంటుంది. అప్పటికే వందసార్లు సాగి అలిసిన బైసెప్స్ కొసనీ, కీలు ముందు పొరనీ అది ఇంకా సాగదీస్తుంది. ఆడపిల్లల్లో చాలామందికి కీళ్లు పుట్టుకతోనే వదులుగా ఉంటాయి. బొటనవేలు మణికట్టు వైపు వంచితే ముంజేతికి తగులుతుందా, మోచేయి చాచితే వెనక్కి వంగుతుందా చూడండి. అలాంటి పిల్లలకు భుజం సాగదీతలు దాదాపుగా అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది కీలును పట్టి ఉంచే కండ బలం.

రెండు ఆటల మధ్య గంటో రెండు గంటలో ఖాళీ ఉంటే ఇదంతా చేయక్కర్లేదు. కొంచెం నడక, లోలకం, పొడి చొక్కా, నీళ్లు, ఏదైనా తేలికపాటి తిండి. ఆ మధ్యలో ఐసు మాత్రం వద్దు. చల్లబడి బిరుసెక్కిన భుజంతో రెండో ఆట మొదలవుతుంది.

ఇప్పుడు ఐసు సంగతి

విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తులో పెట్టడం అన్న నాలుగు మాటల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మర్కిన్ అనే అమెరికన్ డాక్టర్. అదే డాక్టర్ 2014లో, ఐసు గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. వాపు అన్నది ఒళ్లు తనను తాను బాగుచేసుకునే పనిలో ఒక భాగం, దాన్ని పూర్తిగా అణచడం మంచిది కాదన్నది ఆ మాట వెనక ఆలోచన. నేను ఐసును పూర్తిగా మానమనను. నొప్పిగా ఉండి నిద్ర పట్టకపోతే, మధ్యలో గుడ్డ వేసి పది పదిహేను నిమిషాలు పెట్టండి, హాయిగా ఉంటుంది. నొప్పి లేకపోయినా ప్రతి ఆటకీ ఆనవాయితీగా ఐసు సంచి కట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. మోచేతి లోపలివైపు ఎముక పక్కన చర్మం కిందే ఒక నరం ఉంటుంది, అక్కడ మాత్రం ఎక్కువసేపు పెట్టకండి. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారతాయి.

కాపడం మర్నాటికి పనికొస్తుంది. కండరాలు పట్టేసినట్టు ఉంటే కదలికలు మొదలుపెట్టే ముందు పది నిమిషాలు పెట్టండి. వాపు కనిపిస్తున్నప్పుడు, చెయ్యి వేస్తే వేడిగా తగులుతున్నప్పుడు పెట్టకండి. కాబట్టి మీ ఇంట్లో వాదనలో ఇద్దరూ గెలిచారు, రోజులు వేరు, అంతే.

నొప్పి మాత్రల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆటకు ముందు నొప్పి మాత్ర వద్దు, ఎప్పటికీ వద్దు. 17 ఏళ్లప్పుడు నేను చేసింది అదే. భుజం ముందు ఒక్క వేలి నొప్పి, నాలుగు వారాలుగా. ముఖ్యమైన ఆటలు, చెబితే కూర్చోబెడతారు. ప్రతి ఆటకీ అరగంట ముందు ఒక మాత్ర. ఆడుతున్నంతసేపు ఏమీ తెలిసేది కాదు, మంచి వేగంతో వేసేదాన్ని. ఐదో వారం ఒక రైజ్‌బాల్ (పైకి లేచినట్టు వెళ్లే బంతి) వేస్తుంటే లోపల ఏదో గీరుకున్నట్టయింది, చెయ్యి కిందికి వేలాడిపోయింది. ఆ సీజన్‌లో మళ్లీ బంతి పట్టలేదు. నొప్పి ఒక కబురు చెబుతుంటే నాలుగు వారాలు దాని నోరు నొక్కాను. పైగా ఎండలో చెమట పట్టి నీళ్లు తగ్గిన ఒంటికి ఆ మాత్రల్లో చాలావి కిడ్నీల మీద కూడా భారం వేస్తాయి.

అసలు లెక్క బంతులది

ఇన్ని చెప్పినా, ఆట తర్వాత చేసేదానికంటే ఆటలో ఎన్ని బంతులు వేసింది అన్నదే చేతిని ఎక్కువ కాపాడుతుంది, లేదా పాడుచేస్తుంది. నా పనిలో ఒక్క విషయం మాత్రమే మిగుల్చుకోమంటే ఈ లెక్కే మిగుల్చుకుంటాను.

బేస్‌బాల్‌లో లిటిల్ లీగ్ అనే పిల్లల ఆటల సంస్థ 2007 నుంచే పిల్లల పిచింగ్‌కు బంతుల లెక్క పెట్టింది. సాఫ్ట్‌బాల్‌లో చాలాచోట్ల అలాంటి కట్టుబాటు లేదు. అండర్‌హ్యాండ్ చేతికేం కాదన్న నమ్మకం వల్లే అది రాలేదు. అమెరికాలో క్రీడా వైద్యులు మొదలుపెట్టిన స్టాప్ స్పోర్ట్స్ ఇంజరీస్ కార్యక్రమం మాత్రం సాఫ్ట్‌బాల్‌కి కొన్ని హద్దులు సూచించింది. 13, 14 ఏళ్ల వారికి ఒక ఆటలో 80 బంతులు, వరుసగా రెండు రోజులు ఆడితే రోజుకు 115. పదీ పన్నెండు మధ్య వారికి ఆటకు 65. పదిహేనేళ్లు, ఆపై వయసువారికి ఆటకు 100. ఇది చట్టం కాదు, కానీ చేతిలో ఒక కొలత ఉంటుంది.

మీ అమ్మాయి రెండు రోజుల్లో నాలుగు ఆటలన్నారు. ఏడేసి ఇన్నింగ్స్ (ఈ ఆటలో ఉండే ఏడు వంతులు) పూర్తిగా వేసి ఉంటే ఆట బంతులే 350 దాటి ఉండవచ్చు. ఇక స్కోరుబుక్‌లో రాయని బంతులున్నాయి. నాలుగేళ్ల క్రితం ఒక తల్లికి చిన్న నోటుబుక్ ఇచ్చి, బుల్‌పెన్‌లో (పిచ్చర్లు ఆటకు ముందు బంతులు వేసి చూసుకునే చోట) వార్మప్, ఇన్నింగ్స్ మధ్య వేసేవి, మధ్యలో "లయ తప్పింది, ఇంకో పది వెయ్" అన్నవి, అన్నీ గీతలు పెట్టమన్నాను. ఆటలో 92 బంతులు. ఆ పేజీలో గీతలు లెక్కపెడితే 178. ఆవిడ ఆ పేజీని నా ముందు పెట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మీరూ వచ్చే ఆటకి ఒక్కసారి లెక్కపెట్టండి. కోచ్ గారితో వాదించడం కంటే ఆ కాగితం చూపించడం తేలిక. నేను చూసిన చాలామంది కోచ్‌లు అంకె కళ్లముందు పెడితే మాట వింటారు. చెడ్డవాళ్లని కాదు, ఎవరూ వాళ్లకి లెక్కపెట్టి చూపించలేదు.

రాత్రి నిద్రపోతే చేయి మామూలైపోతుంది కదా అంటారు. టోర్నమెంట్లలో ఆడే అమ్మాయిల భుజం బలాన్ని రోజూ కొలిచి చూసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. రోజు రోజుకీ అలసట, బలహీనత పేరుకుంటూ పోయాయి, ఒక రాత్రిలో పూర్తిగా తేరుకోలేదు. శనివారం అలసట ఆదివారం బంతి మీద ఉంటుంది, ఆదివారం అలసట సోమవారం ప్రాక్టీస్ మీద ఉంటుంది.

ఇక్కడ తప్పకుండా ఎవరో ఒకరు జపాన్ పిచ్చర్ యుకికో ఉయెనో పేరెత్తుతారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఒకే రోజు రెండు ఆటల్లో 318 బంతులు, మర్నాడు అమెరికాతో ఫైనల్లో 95, మొత్తం 413 బంతులు వేసి ఆమె స్వర్ణం తెచ్చింది. నాకూ ఆ ఆట అంటే ప్రాణం. కానీ అప్పటికి ఆమెకు 26 ఏళ్లు, ఎముకలు పూర్తిగా ఎదిగిన, ఏళ్ల తరబడి తయారైన ఒళ్లు. మీ అమ్మాయి వయసులో ఎముక చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉండవచ్చు. అదే ఉయెనో 2021లో టోక్యో ఫైనల్లో 39 ఏళ్ల వయసులో మొదలుపెడితే, ఆరో ఇన్నింగ్స్‌లో ఇంకో పిచ్చర్ మియు గోటో వచ్చి అందుకుంది, ఏడో ఇన్నింగ్స్‌కి ఉయెనో మళ్లీ వచ్చి ముగించింది. మళ్లీ స్వర్ణమే. ఒకసారి బయటికెళ్లిన ఆటగత్తె తిరిగి రావచ్చన్న నియమం ఈ ఆటలో ఉంది. దాన్ని పిల్లల జట్లలో ఎందుకు వాడరో నాకు అర్థం కాదు. జట్టుకి ఇద్దరు, ముగ్గురు పిచ్చర్లను తయారుచేయాలి.

ఆ తర్వాతి వారం

నొప్పి లేని మామూలు వారమైతే నేను ఇలా నడిపిస్తాను. సోమవారం చేతికి పూర్తి సెలవు, నడకో సైకిలో ఓ ఇరవై నిమిషాలు. మంగళవారం కాళ్లు, తుంటి, నడుము వ్యాయామాలు, చేతికి తేలిక బ్యాండ్. బుధవారం దగ్గర్నుంచి మణికట్టుతో స్పిన్ మాత్రమే వేయిస్తాను, తర్వాత సగం వేగంతో ముప్పై బంతుల దాకా. గురువారం పూర్తి వేగం, యాభై దాటకుండా, చేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి) కలుపుకుని. శుక్రవారం మళ్లీ తేలిక. మీ అమ్మాయికి ఈ పట్టిక ఇప్పుడు వర్తించదు. నొప్పి పోయిన రోజు ఆమెకు సోమవారం అనుకోండి, అక్కణ్నుంచి లెక్క.

కాళ్ల గురించి అంతగా ఎందుకంటారా? బంతికి వేగం కాలి తన్నులోంచి, తుంటి తిరుగుడులోంచి వస్తుంది. ఆరో ఇన్నింగ్స్‌కి కాళ్లు అలిసిపోతే ఆ వేగం చేయి ఒక్కటే తేవాలి. ఆటను ఫోన్‌లో పక్కనుంచి రికార్డు చేసి, మొదటి ఇన్నింగ్స్ బంతినీ ఆఖరి ఇన్నింగ్స్ బంతినీ పక్కపక్కన పెట్టి చూడండి. అడుగు పొట్టిదైందా, బంతి వదిలేటప్పుడు ఒళ్లు ముందుకు వాలుతోందా? అలా కనిపిస్తే భుజానికి చికిత్స కంటే ఒంటికాలి మీద బలం పెంచే వ్యాయామాలే ఎక్కువ పని చేస్తాయి.

నిద్ర, తిండి మందుల కంటే తక్కువేం కాదు. ఈ వయసువారికి రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. టోర్నమెంట్ రాత్రి ఫోన్ పక్కన పెట్టించండి. ఆట అయిన గంట రెండు గంటల్లో పిండిపదార్థం, మాంసకృత్తులు రెండూ ఉన్న కడుపునిండా భోజనం.

ఇందులోనే ఇంకో మాట, ఆడపిల్ల తల్లిదండ్రులకు నేను మొహమాటం లేకుండా చెప్పేది. నెలసరి వరుసగా మూడు నెలలు రాకపోతే చూపించండి. ఆడేదానికి తగ్గ తిండి తినకపోతే ఒళ్లు ముందు దాన్నే ఆపుతుంది, తర్వాత ఎముకలు బలహీనపడతాయి. 15 ఏళ్ల ఒక అమ్మాయి ముంజేయి మధ్యలో నొప్పి అని వచ్చింది. బంతి వదిలేటప్పుడు తుంటికి తగులుతుంది కదా, ఆ దెబ్బే అనుకున్నారు ఇంట్లో. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. నేను చిటికెన వేలు వైపు ఎముక మీద మెల్లగా వేలు పోనిస్తే ఒక్కచోట ఉలిక్కిపడింది. ఎమ్మారై తీయిస్తే ఎముకలో సన్నని పగులు. నెమ్మదిగా మాట్లాడితే ఐదు నెలలుగా నెలసరి లేదని, బరువు పెరుగుతానేమోనని రాత్రి తిండి మానేసిందని తెలిసింది. చేతికి చేసిన వైద్యం కంటే ఆ తిండిని దారిలో పెట్టడానికే ఎక్కువ రోజులు పట్టింది.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి: "టప్" మని శబ్దం వచ్చి చెయ్యి పడిపోయినట్టవడం, భుజం గూటిలోంచి జారి మళ్లీ కూర్చున్నట్టనిపించడం, వేళ్లలో తిమ్మిరి లేదా పట్టు తగ్గడం, నిద్రలోంచి లేపే నొప్పి, ఎముక మీద ఒకేచోట నొప్పి, కండ ఆకారం మారి కిందికి ముద్దలా దిగడం. ఇవి ఉంటే వారం ఆగకండి.

సీజన్ అయ్యాక ఏడాదికి రెండు మూడు నెలలు పిచింగ్ పూర్తిగా ఆపించండి. వేరే ఆట ఏదైనా ఆడనివ్వండి. దానివల్ల ఆట మరిచిపోయిన పిల్లని నేనింతవరకు చూడలేదు.

ఇప్పటికి మీరు చేయాల్సింది: రేపు కోచ్ గారికి ఫోన్ చేసి, ఈ వారం పరుగు, కాళ్ల వ్యాయామాలకు మాత్రమే వస్తుందని చెప్పండి. బ్యాటింగ్‌లో భుజం లాగకపోతే అదీ చేయొచ్చు. బుధవారం సాయంత్రం ఆ నీళ్ల సీసా పరీక్ష చేసి, నొప్పి ఎక్కడో చూపించమని అడగండి. అరచేత్తో చూపించిందో, ఒక వేలితో చూపించిందో, నాలుగు ఆటల్లో సుమారు ఎన్ని బంతులు వేసిందో ఇక్కడే రాయండి. చూసి ఏం చేయాలో చెబుతాను.